గుడ్ మార్నింగ్ ఫొటో తెరిస్తే ఫోన్ హ్యాక్ అవుతుందా? మేనల్లుడు అవునంటున్నాడు

తెనాలి_ఫ్లెక్సీ:
అందరికీ నమస్కారం. నాకు తెనాలిలో ఫ్లెక్సీ, ఫొటో ప్రింటింగ్ షాపు ఉంది. టెక్నికల్‌గా నాకు తెలిసింది ఫొటోషాప్, ప్రింటర్, ఇంకు ఖరీదు. అంతే. కస్టమర్లు ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, వర్ధంతులు. సీజన్‌లో రోజుకు రెండు మూడొందలు వస్తాయి, అదీ ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి. అన్నీ తెరవాల్సిందే.

మొన్న మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టాడు. తెలియని నంబరు నుంచి వచ్చిన గుడ్ మార్నింగ్ ఫొటో ముట్టుకుంటే బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోతుందట. "ఫొటో అంటే బొమ్మే కదా బావా, అందులో వైరస్ ఎక్కడుంటుంది" అని నవ్వేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు మధ్యలో దూరి, "లేదు మామయ్యా, 2023లో నిజంగానే ఫొటో ఫైల్‌తో ఐఫోన్‌ని హ్యాక్ చేశారు, వెబ్‌పీ అని వెతుకు" అన్నాడు. గుండె గుభేలుమంది. ఎందుకంటే ఈ మధ్య నాకొచ్చే ఫొటోల్లో చాలావాటి చివర ఆ డాట్ వెబ్‌పీయే ఉంటోంది. నా పాత ఫొటోషాప్ వాటిని తెరవదు. అందుకని నెట్‌లో దొరికిన ఉచిత కన్వర్టర్ ఒకటి పెట్టుకున్నాను.

సిస్టమ్ విండోస్ 7. నవ్వకండి. ప్రింటర్ డ్రైవర్ దాంట్లోనే పనిచేస్తుంది.

బావ కరెక్టా, మేనల్లుడు కరెక్టా?

పచ్చిమిర్చి:
మా గ్రూపులో రోజుకు నలభై గుడ్ మార్నింగ్‌లు. హ్యాకర్ వచ్చి ఆ ఫోల్డర్ చూస్తే వాడే దండం పెట్టి వెళ్లిపోతాడు.

సెగ్‌ఫాల్ట్:
ఫ్లెక్సీ గారూ, మేనల్లుడు చెప్పింది నిజం. మీ బావ గారు చెప్పిందాంట్లో పావలా వంతు నిజం ఉంది, దాని సంగతి తర్వాత.

2023 సెప్టెంబర్‌లో టొరంటో యూనివర్సిటీకి చెందిన సిటిజన్ ల్యాబ్ వాళ్లు, వాషింగ్టన్‌లోని ఒక పౌర సమాజ సంస్థలో పనిచేసే వ్యక్తి ఐఫోన్‌ను పరీక్షించారు. దాంట్లోకి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించడానికి వాడిన దారి బయటపడింది. ఐఫోన్లలో ఉండే మెసేజ్ సర్వీసు ఐమెసేజ్‌లో ఒక అటాచ్‌మెంట్, దాంట్లో బొమ్మలు. అవతలి మనిషి దేన్నీ నొక్కలేదు, తెరవలేదు. మెసేజ్ వచ్చి పడితే చాలు. ఈ దాడికి వాళ్లు బ్లాస్ట్‌పాస్ అని పేరు పెట్టారు. 7వ తేదీన యాపిల్ ఐఓఎస్ 16.6.1 విడుదల చేసింది. దానికి ఒక రోజు ముందే, అంటే 6న, యాపిల్ భద్రతా బృందం, సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌కు ఒక లోపం గురించి చెప్పారు. అది వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో ఉంది. లైబ్రరీ అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్. 11న క్రోమ్‌కు, 12న ఫైర్‌ఫాక్స్‌కు అప్‌డేట్ వచ్చింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, బొమ్మలో వైరస్ ఎలా ఉంటుంది అని. తెర మీద కనిపించేది బొమ్మ. ఫైల్‌లో ఉన్నది బొమ్మ కాదు, బొమ్మను ఎలా గీయాలో చెప్పే చీటీ. సైజు తగ్గాలి కాబట్టి ఎక్కువసార్లు వచ్చే విలువకు పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు వాడతారు. దీన్ని హఫ్‌మన్ కోడింగ్ అంటారు. ఏ గుర్తు ఎంత పొడుగో ఆ చీటీలోనే రాసి ఉంటుంది. ఫోన్‌లోని లైబ్రరీ అది చదివి, ముందుగా ఒక పట్టిక తయారు చేసుకుని, ఆ పట్టిక చూస్తూ బొమ్మ గీస్తుంది.

పెళ్లి భోజనాలు అనుకోండి. ఐదు కుటుంబాలు వస్తున్నాయి. ఏ కుటుంబానికైనా మహా అయితే ఇన్ని విస్తళ్లు అని ముందే లెక్కగట్టి సరిగ్గా అంతే పందిరి వేశారు. ఆ లెక్కలో తప్పు లేదు. పద్ధతిగా రాసిన చీటీకి అంతకు మించి ఒక్క విస్తరి కూడా పట్టదు. కానీ ఐదో కుటుంబం తెచ్చింది దొంగ చీటీ. విస్తళ్లు వేసే కుర్రాడు చీటీ చూసి వేసుకుంటూ పోతాడు. చీటీ సరైనదా కాదా అని మేస్త్రీ చూసేది విస్తళ్లన్నీ వేశాక. ఆయన చూసి "ఇది చెల్లదురా" అనేలోపు కుర్రాడు పందిరి దాటి పక్కింటి వాకిట్లో కూడా వేసేశాడు.

లిబ్‌వెబ్‌పీలో జరిగింది ఇదే. తనిఖీ ఉంది. ఆలస్యంగా ఉంది.

తెనాలి_ఫ్లెక్సీ:
ఇది అర్థమైంది. కానీ పక్కింటి వాకిట్లో విస్తరి పడితే పక్కింటివాళ్లు తిడతారు. ఫోన్ ఎలా పోతుంది?

సెగ్‌ఫాల్ట్:
మంచి ప్రశ్న. ప్రోగ్రామ్ మెమరీలో పక్కిల్లు ఖాళీ స్థలం కాదు, అక్కడ ఇంకెవరి సామానో ఉంటుంది. ఒక్కోసారి అది "ఈ పని అయ్యాక ఫలానా ఇంటికి వెళ్లు" అని గోడ మీద రాసిపెట్టుకున్న చిరునామా కావచ్చు. విస్తరి పడి ఆ చిరునామా మారిపోతే ప్రోగ్రామ్ బుద్ధిగా కొత్త చిరునామాకే వెళ్తుంది. అక్కడ కూర్చుని ఉన్నది దొంగ.

చెప్పినంత సులువు కాదు. ఏ విస్తరి ఎక్కడ పడాలో గురి చూసి పడేయాలి. మామూలుగా అయితే ప్రోగ్రామ్ క్రాష్ అయి ఊరుకుంటుంది, అలాంటి క్రాష్‌నే సెగ్‌ఫాల్ట్ అంటారు. నా పేరు అక్కడి నుంచే వచ్చింది.

పూతరేకు:
నేను పుణేలో టెస్టింగ్‌లో పనిచేస్తాను, ఈ లోపం వచ్చినప్పుడు మా టీమ్‌లో దీన్ని కూర్చుని చదివాం. సెగ్‌ఫాల్ట్ గారి పెళ్లి పోలిక బాగుంది, దానికి అసలు అంకెలు కలుపుతాను.

వెబ్‌పీలో నాణ్యత పోకుండా కుదించే రకం ఒకటి ఉంది. దాంట్లో ప్రతి గుంపుకు ఐదు పట్టికలు, అవే ఆ ఐదు కుటుంబాలు. ఆకుపచ్చకు 654 గడులు, ఎరుపు, నీలం, పారదర్శకత మూడింటికి తలా 630, దూరం అనే ఐదోదానికి 410. మొత్తం 2954. ఇటీవల వచ్చిన రంగులను గుర్తుపెట్టుకునే ఏర్పాటు (కలర్ క్యాష్) వాడని సందర్భంలో లెక్క ఇది, వాడితే పెరుగుతుంది. ఈ అంకెలు ఎవరో గాల్లో రాసినవి కావు. ఫైళ్లను కుదించే జెడ్‌లిబ్ అనే లైబ్రరీతో పాటు వచ్చే ఎనఫ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, మార్క్ ఆడ్లర్ రాసింది. "ఇంత పొడుగు గుర్తులు, ఇన్ని విలువలు ఉంటే పట్టిక గరిష్ఠంగా ఎంత పెరుగుతుంది" అన్నది అది లెక్కగడుతుంది. చీటీ పద్ధతిగా ఉంటే ఆ లెక్కకు తిరుగులేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇది కాదు. గూగుల్ ఈ లైబ్రరీ మీద ఏళ్ల తరబడి ఫజింగ్ నడిపింది. ఫజింగ్ అంటే చెత్త ఫైళ్లను లక్షలకొద్దీ తయారు చేసి మీద పడేసి, ఎక్కడ కూలుతుందో చూడటం. అయినా ఇది దొరకలేదు. ఎందుకో ఆలోచించండి. లోపం బయటపడాలంటే మొదటి నాలుగు కుటుంబాలు తమ గరిష్ఠ సంఖ్యకు ఒక్కరు కూడా తగ్గకుండా, పూర్తిగా పద్ధతైన చీటీతో రావాలి. పందిరి నిండాలి. అప్పుడు ఐదో కుటుంబం దొంగ చీటీ తేవాలి. మొదటి నాలుగింట్లో ఏ ఒక్కటి కొంచెం తగ్గినా పందిట్లో ఖాళీ మిగులుతుంది, పొంగదు. ఏ ఒక్కటి తప్పుగా ఉన్నా అక్కడే "చెల్లదు" అని ఆపేస్తారు. గుడ్డిగా అంకెలు మార్చే యంత్రానికి ఈ కూర్పు తగలడం అంటే చీకట్లో రాయి వేసి కొబ్బరికాయ కొట్టడమే. కోడ్ చదివి, లెక్క అర్థం చేసుకున్న మనిషి కూర్చుని చేసిన పని ఇది. వాళ్ల పని మీద నాకు అసహ్యం ఉంది, వాళ్ల తెలివి మీద కాదు.

సరిచేసిన పద్ధతి కూడా ముచ్చటైనదే. ముందు ఒకసారి విస్తళ్లు వేయకుండా ఉత్తినే లెక్కపెడతారు. చీటీ చెల్లితేనే వేయడం మొదలు. చోటు చాలకపోతే కొత్త చోటు అడుగుతారు. 1.3.2 వెర్షన్‌తో అది వచ్చింది.

పచ్చిమిర్చి:
అంటే తప్పంతా కొత్తగా వచ్చిన ఈ వెబ్‌పీది. నేను అందుకే జేపెగ్ తప్ప ఇంకేదీ ముట్టను. ఓల్డ్ ఈజ్ గోల్డ్.

సెగ్‌ఫాల్ట్:
మిర్చి గారూ, మీ బంగారం సంగతి వినండి. వెబ్‌పీ 2010లో వచ్చింది. 2004 సెప్టెంబర్‌లోనే మైక్రోసాఫ్ట్ ఎంఎస్04-028 అని ఒక ప్రకటన ఇచ్చింది. విండోస్‌లో జేపెగ్ చదివే భాగంలో లోపం.

జేపెగ్ ఫైల్‌లో వ్యాఖ్య రాసుకోవడానికి ఒక అర ఉంటుంది. ఎవరు తీశారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు లాంటివి రాస్తారు. ఆ అర ముందు దాని పొడవు రెండు బైట్లలో ఉంటుంది, ఆ పొడవులో ఈ రెండు బైట్లూ కలిసే ఉంటాయి. కాబట్టి ఎంత ఖాళీ అరకైనా పొడవు కనీసం 2 ఉండాలి. చదివే ప్రోగ్రామ్ ఏం చేసేదంటే, ఉన్న పొడవులోంచి 2 తీసేసి మిగిలినంత కాపీ చేసేది. ఒకడు అక్కడ 0 రాశాడు. సున్నాలోంచి రెండు పోతే మైనస్ రెండు. మైనస్ గుర్తు తెలియని చోట అది సుమారు 429 కోట్లు అయి కూర్చుంటుంది. ఇక కాపీ చేసుకుంటూ పోవడమే.

ఒక్క అంకె. అంతే. ఫార్మాట్ కొత్తదా పాతదా అన్నది కాదు, అవతలివాడు రాసిన పొడవును నమ్మేశామా లేదా అన్నదే.

పచ్చిమిర్చి:
సరే, ఇక నుంచి చేత్తో గీసుకుంటా.

విశ్రాంత_మాస్టారు:
బాబూ, నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. సున్నాలోంచి రెండు తీస్తే 429 కోట్లు వచ్చే లెక్క నా సర్వీసులో చూడలేదు. మా అబ్బాయి అమెరికా నుంచి ఐఫోన్ పంపించాడు. నేనేమీ నొక్కకపోయినా లోపలికి వచ్చేస్తారంటే ఇక జాగ్రత్త ఏముంటుంది? ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టమంటారా?

పూతరేకు:
మాస్టారూ, బీరువా అక్కర్లేదు. అలాంటి దాడికి దారి తయారు చేయడం చాలా ఖరీదు. ఎంత ఎక్కువ మంది మీద వాడితే అంత త్వరగా ఎవరికో దొరికిపోతుంది, దొరికితే పెట్టిన డబ్బంతా బూడిదే. అందుకే ఏరి ఏరి పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు, లాయర్ల మీద వాడతారు. మీ పెన్షన్ ఖాతా కోసం ఎవరూ పెగాసస్ తీయరు. మీరు చేయాల్సింది ఒక్కటే, అప్‌డేట్ వచ్చిందని ఫోన్ చెప్పినప్పుడు "తర్వాత" నొక్కకుండా ఆ రాత్రే ఛార్జింగ్ పెట్టి చేసేయండి. నిజంగా ముప్పున్న వాళ్ల కోసం ఐఓఎస్ 16 నుంచి లాక్‌డౌన్ మోడ్ ఉంది, ఫోన్‌లో కొన్ని సౌకర్యాలు ఆపేసి దాడికి దారులు తగ్గించే సెట్టింగ్ అది. అది ఆన్ చేసి ఉంటే బ్లాస్ట్‌పాస్ దాడి ఆగేదని యాపిల్ వాళ్లు సిటిజన్ ల్యాబ్‌కు చెప్పారు.

కానీ ఒక సంగతి. దారి బయటపడి, అప్‌డేట్ వచ్చాక కథ మారుతుంది. అప్పుడది రహస్యం కాదు. ఏం మార్చారో చూసి లోపం ఏమిటో పట్టుకోవచ్చు. వెబ్‌పీ విషయంలో అప్‌డేట్ వచ్చిన కొద్ది వారాల్లోనే లోపాన్ని రేకెత్తించే నమూనా ఫైల్ బహిరంగంగా దొరికింది. దాంతో క్రాష్ మాత్రమే అవుతుంది, కానీ దారి చూపినట్టే కదా. అప్‌డేట్ చేయనివాడే అప్పుడు చవకగా దొరుకుతాడు.

రిపేర్‌షాప్_ఎల్బీనగర్:
అక్క చెప్పిన ఆఖరి ముక్క దగ్గరే అసలు కథ ఉంది. నా షాపుకు వచ్చే ఫోన్లలో ఎన్నో ఐదారేళ్ల కిందివి. డిస్‌ప్లే వేయించుకుంటారు, బ్యాటరీ వేయించుకుంటారు, ఇంకో మూడేళ్లు నడిపిస్తారు. తప్పు కాదు, డబ్బులు ఊరికే రావు. కానీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది. కస్టమర్‌ను అప్‌డేట్ చేసుకోమంటే "మీ సిస్టమ్ అప్‌టుడేట్" అని చూపిస్తుందన్నా ఫోన్. అబద్ధం కాదు, నిజం కూడా కాదు.

2015 గుర్తుందా ఎవరికైనా? స్టేజ్‌ఫ్రైట్. జాషువా డ్రేక్ అనే ఆయన జింపీరియం కంపెనీలో ఉండి పట్టుకున్నాడు. ఆండ్రాయిడ్‌లో వీడియోలు చదివే లైబ్రరీ పేరే అది. ఎంఎంఎస్‌లో వీడియో పంపితే చాలు, ఫోన్ బొమ్మ చూపించడానికి ముందే తెరిచి చూసుకుంటది, అక్కడే దెబ్బ. ఆండ్రాయిడ్ 2.2 నుంచి ఉన్న ఫోన్లన్నిటికీ ఉందన్నారు, అంచనా 95 కోట్ల ఫోన్లు. నాకు అప్పుడు షాపు కొత్త. అందరికీ ఎంఎంఎస్ ఆటో డౌన్‌లోడ్ ఆఫ్ చేసి పెట్టిన, ఫ్రీగా. ఆ దెబ్బకే గూగుల్ నెల నెలా సెక్యూరిటీ ప్యాచ్ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇంక ఫ్లెక్సీ అన్న బావ సంగతి. బ్యాంకు ఖాతా ఖాళీ అయిందని నా దగ్గరకు ఏడ్చుకుంటూ వచ్చిన వాళ్లను చూసిన. ఒక్కరిది కూడా ఫొటో కాదు. పెళ్లి పత్రిక. పేరు పెళ్లి పత్రిక, చివర డాట్ ఏపీకే. లేకుంటే ట్రాఫిక్ చలానా, లేకుంటే బ్యాంకు కేవైసీ. అది ఫొటో కాదు, యాప్. తెరవంగనే "ఇన్‌స్టాల్ చేయమంటారా" అంటది, అవును అంటరు. మెసేజ్‌లు చదవనివ్వాలా అంటది, అవును అంటరు. ఇంక ఓటీపీలు నేరుగా వాడికే. మొన్న ఒకాయన ఫోన్‌లో నేను పత్రిక యాప్ తీసేస్తుంటే, "పెళ్లి ఎవరిదో చూడనేలేదు" అన్నాడు. నవ్వాలో ఏడ్వాలో తెల్వలే.

డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలె. గంట గంటకు దొరికే అవకాశం తగ్గుతది.

తెనాలి_ఫ్లెక్సీ:
ఓహో. బావ దగ్గర పావలా నిజం అన్నది ఇదన్నమాట. నాకు కూడా పత్రిక పేరుతో రెండుసార్లు వచ్చింది. నేను ప్రింట్ చేయడానికేమో అనుకున్నాను. నా ఫోన్‌లో స్థలం లేక డౌన్‌లోడ్ కాలేదు. స్థలం లేకపోవడం కూడా ఒక సెక్యూరిటీయే.

ప్లానో_పక్షి:
టెక్సాస్ నుంచి. ఆలస్యంగా చూశాను, కానీ ఆ సెప్టెంబర్ నాకు బాగా గుర్తు. కంపెనీ పేరు చెప్పను. 11న క్రోమ్ అప్‌డేట్ రాగానే మా మేనేజర్ "బ్రౌజర్ సమస్య, అందరి లాప్‌టాప్‌లలో క్రోమ్ అప్‌డేట్ చేయించండి, అయిపోయింది" అన్నాడు. రెండు రోజుల్లో చేశాం. కేక్ కూడా కోశాం.

ఆ తర్వాత ఎవరో మెల్లగా అడిగారు, క్రోమ్ ఇంజిన్‌నే లోపల పెట్టుకుని నడిచే యాప్‌ల మాటేమిటని. చాటింగ్ యాప్‌లు, కోడ్ ఎడిటర్లు, నోట్స్ యాప్‌లు, అలా క్రోమ్ ఇంజిన్‌ను లోపల పెట్టే ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టిన ప్రతిదీ తన సొంత లిబ్‌వెబ్‌పీ మోసుకు తిరుగుతోంది. మా సర్వర్లలో థంబ్‌నెయిల్ తయారు చేసేదాంట్లో ఒకటి. పైథాన్ బొమ్మల లైబ్రరీలో ఒకటి. ఎప్పుడో వదిలేసిన రిపోర్ట్ టూల్‌లో ఒకటి, దాన్ని రాసినాయన కంపెనీ వదిలి నాలుగేళ్లయింది. ఒకే విత్తనం ఊరంతా మొలిచినట్టు. ఎక్సెల్ షీట్ పెట్టి మూడు రాత్రులు వెతికాం. ఎక్సెల్‌లో రోజూ వరుసలు పెరిగేవి తప్ప తగ్గేవి కావు.

గందరగోళానికి ఇంకో కారణం నంబర్లు. బయటపడిన ప్రతి భద్రతా లోపానికి సీవీఈ అని ఒక గుర్తింపు నంబరు ఇస్తారు. యాపిల్‌కు ఒక సీవీఈ, క్రోమ్‌కు 2023-4863. క్రోమ్‌ది అని రాసి ఉంటే మిగతా వాళ్లు మాది కాదనుకున్నారు. నెలాఖరులో గూగుల్ లైబ్రరీ పేరు మీదే 2023-5129 అని ఇంకొకటి ఇచ్చింది, తీవ్రత పదికి పది. మా సెక్యూరిటీ టీమ్ రెండో దుర్ఘటన అనుకుని మళ్లీ మీటింగ్ పెట్టింది. తర్వాత అది పాతదే, నకలు అని రద్దు చేశారు. సీవీఈ పుస్తకంలో అది ఒక చిన్న గీత. మాకు ఒక శనివారం.

పూతరేకు:
"క్రోమ్‌ది" అన్న ఆ ఒక్క మాట వల్ల ఎన్ని చోట్ల ఆలస్యం అయిందో. ఇంటి పేరు రాయకుండా ఉత్తరం వేసినట్టు.

తుప్పు_అభిమాని:
ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఇదంతా సీ భాషలో రాయడం వల్ల వచ్చిన తలనొప్పి. మెమరీ హద్దులను తనే కాపలా కాసే రస్ట్ అనే భాషలో రాసి ఉంటే పందిరి గుంజ దాటగానే ప్రోగ్రామ్ ఆగిపోయేది, పక్కింటికి వెళ్లేదే కాదు. మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది, తమ లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని. క్రోమ్ వాళ్లు 2020లో తమ తీవ్రమైన లోపాల గురించి అదే లెక్క చెప్పారు. ఇంకెన్నాళ్లు?

సెగ్‌ఫాల్ట్:
నీ పేరు చూడగానే వస్తావని తెలుసు. అంకెలు నిజమే, నేను కాదనను. కానీ ఇరవై ఏళ్లుగా గీటురాయి మీద అరగదీసిన కోడ్‌ను ఒక్క రోజులో తిరగరాయలేం. వీడియో డీకోడర్లలో వేగం కోసం ప్రాసెసర్ ఆదేశాలనే నేరుగా రాసే అసెంబ్లీ భాషలో చేత్తో రాసిన భాగాలు ఉంటాయి. అవి ఏ భాషలోకి వెళ్తాయి? పైగా ఇలాంటి లైబ్రరీల్లో చాలావాటిని కొద్దిమంది, జీతం లేకుండా, ఆదివారాలు కూర్చుని చూసుకుంటారు. వాడుకునేవి మాత్రం లక్షల కోట్ల కంపెనీలు. లోపం దొరికితే నోటీసు పంపడానికి అందరూ ఉంటారు. ప్యాచ్ పంపేవాడు ఉండడు.

తుప్పు_అభిమాని:
కొత్తగా రాసేదైనా మార్చొచ్చు కదా? బొమ్మ చదివే భాగం చిన్నది, దాన్ని విడదీయడం సులువు. అన్నింటికంటే ముందు మార్చాల్సింది బయటివాడు పంపిన ఫైల్‌ను తాకే ఆ చిన్న భాగాన్నే.

సెగ్‌ఫాల్ట్:
అది ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఉంది, ఆ భాగాన్ని విడిగా గదిలో పెట్టి తాళం వేయడం. స్టేజ్‌ఫ్రైట్ తర్వాత 2016లో ఆండ్రాయిడ్ 7లో మీడియా పనులన్నీ చేసే ఒకే ప్రాసెస్‌ను ముక్కలు చేశారు. ఫైల్ చదివేవాడికి కెమెరా తాళం ఉండదు. లోపం ఉన్నా దొంగ ఆ గదిలోనే చిక్కుకుంటాడు. ఐమెసేజ్‌కు ఐఓఎస్ 14లో బ్లాస్ట్‌డోర్ అని ఇలాంటి గదే కట్టారు.

తుప్పు_అభిమాని:
బ్లాస్ట్‌డోర్ కట్టాకే బ్లాస్ట్‌పాస్ వచ్చింది. పేరులోనే ఎకసెక్కం ఉంది చూడండి.

పచ్చిమిర్చి:
వీళ్లిద్దరి మధ్య గొడవ 2019 నుంచి నడుస్తోంది. కొత్తవాళ్లు భయపడకండి.

సెగ్‌ఫాల్ట్:
ఫ్లెక్సీ గారూ, మీ కన్వర్టర్ సంగతి మధ్యలో వదిలేశాం. అది ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిచి, లోపల లిబ్‌వెబ్‌పీ పేరుతో డీఎల్‌ఎల్ (విండోస్‌లో లైబ్రరీ ఉండే ఫైల్) ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే దాని తేదీ చెప్పండి.

తెనాలి_ఫ్లెక్సీ:
ఇప్పుడే షాపు మూసే ముందు చూశాను. సీ డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, కన్వర్టర్ ఫోల్డర్. మొత్తం పందొమ్మిది ఫైళ్లు. లిబ్‌వెబ్‌పీ డాట్ డీఎల్‌ఎల్ ఉంది. తేదీ 2021 మార్చి. పక్కనే జేపెగ్‌కు ఒకటి, పీఎన్‌జీకి ఒకటి, అన్నీ అదే తేదీ. యాప్‌లో "అప్‌డేట్ కోసం చూడు" నొక్కితే ఏదో పేజీ తెరుచుకుంది, ఆ సైట్ అమ్మకానికి ఉందని రాసి ఉంది.

రెండేళ్లుగా నా దగ్గరకొచ్చిన ప్రతి వెబ్‌పీని దీంట్లోనే తెరిచాను. కడుపులో ఒకలా ఉంది.

సెగ్‌ఫాల్ట్:
కంగారుపడకండి, మీ మీద ఎవరూ గురి పెట్టి ఉండరు. కానీ అది ఇప్పుడే తీసేయండి. ఆ సైట్ ఎవరో కొనుక్కుని అదే పేరుతో "కొత్త వెర్షన్" పెడితే అది వెబ్‌పీ లోపం కంటే పెద్ద ప్రమాదం.

పూతరేకు:
అండీ, విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆపేసింది. క్రోమ్ కూడా 109 దగ్గర ఆగిపోయింది. కాబట్టి ఆ మెషీన్‌లో ఏ వ్యూయర్ మార్చినా సగం పనే. ప్రింటర్ కోసం దాన్ని ఉంచుకోండి, నెట్ కేబుల్ మాత్రం పీకేయండి. వాట్సాప్, మెయిల్, బ్యాంకు ఏవీ దాంట్లో వద్దు. ఫొటోలు దించుకోవడానికి, పీఎన్‌జీలోకి మార్చడానికి అప్‌డేట్లు వచ్చే వేరే చవక లాప్‌టాప్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో పాతదానికి తీసుకెళ్లండి. అక్కడ మార్చి తీసుకెళ్తే ఫైల్‌లోని చీటీ కొత్తగా రాసినట్టవుతుంది, అవతలివాడి చీటీ మీ పాత మెషీన్ దాకా రాదు. మీ ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద ఆటో డౌన్‌లోడ్ ఆఫ్ చేయండి.

రిపేర్‌షాప్_ఎల్బీనగర్:
వాట్సాప్ ఎట్లాగూ ఫొటోను నలిపి పంపుతది కదక్కా, అప్పుడే చీటీ మారిపోదా?

పూతరేకు:
నలిపేది పంపేవాడి ఫోన్‌లో తమ్ముడూ. దొంగ తన ఫోన్‌లో నలపకుండా పంపుకోగలడు, డాక్యుమెంట్‌గా పంపినా నలగదు. దాని మీద ఆధారపడొద్దు.

విశ్రాంత_మాస్టారు:
అప్‌డేట్ చేశాను బాబూ. రెండు గంటలు పట్టింది. ఈలోగా మా ఆవిడ ఫోన్ పాడైపోయిందనుకుని మా అబ్బాయికి అమెరికా ఫోన్ చేసింది. అక్కడ తెల్లవారుజామున మూడు.

తెనాలి_ఫ్లెక్సీ:
రిపోర్ట్: కన్వర్టర్ తీసేశాను. నెట్ కేబుల్ పీకేశాను. మేనల్లుడు తన పాత లాప్‌టాప్ బస్సు పార్శిల్‌లో పంపిస్తానన్నాడు. బావకు సెగ్‌ఫాల్ట్ గారి పెళ్లి భోజనాల కథ చెప్పాను. మొత్తం విని, "అయితే ఆ ఐదో కుటుంబం ఎవరు, మన వాళ్లేనా?" అని అడిగాడు.

ఇందాకే కొత్త కస్టమర్ ఒకరు డాట్ వెబ్‌పీ పంపారు. వణుకుతూ మేనల్లుడితో తెరిపించాను. వాట్సాప్ స్టిక్కర్ అది. 512 పిక్సెళ్లు. దాన్ని పది బై ఎనిమిది ఫ్లెక్సీ వేయమంటున్నారు, రేపు పొద్దున్నే కావాలట.